ఆటర్, మీజాన్‌సెన్, మాంటేజ్, బూర్జువా: విమర్శలో ఫ్రెంచి మాటలు ఏ అర్థంతో వాడాలి?

నల్లేరు:
సినిమా, సాహిత్య వ్యాసాలు దిద్దేవాళ్ల కోసం ఒక పదపట్టిక తయారు చేస్తున్నాం. విమర్శలో తిరిగే ఫ్రెంచి మాటల దగ్గరికి వచ్చేసరికి బండి ఆగింది. ఆటర్, మీజాన్‌సెన్, మాంటేజ్, జానర్, వెరితే, బూర్జువా, బ్రికొలాజ్. నిబద్ధత కూడా ఈ వరసలోదే, దాని వెనక ఉన్నది ఫ్రెంచి ఆలోచనే. ఇవేవీ పారిస్ నుంచి తిన్నగా మన దగ్గరికి రాలేదు. చాలావరకు ఇంగ్లీషు గుమ్మం దాటి వచ్చాయి. దాటేటప్పుడు కొంత అర్థం రాలిపోయింది, కొంత కొత్తగా అంటుకుంది. ఒక్కో మాటకీ రెండు సంగతులు కావాలి: ఫ్రెంచివాళ్లు దాన్ని మామూలుగా ఎక్కడ వాడతారు, మన వ్యాసాల్లో అది ఎక్కడ తప్పుతోంది. ఎలా రాయాలన్న దాని మీద కూడా ఒక నిర్ణయానికి రావాలి.

కూర్పరి:
మాంటేజ్‌తో మొదలుపెడదాం. దీనికి తెలుగులో మంచి మాట ముందే ఉంది.

ఫ్రెంచిలో 'మోంతే' అనే క్రియకు ఎక్కడం, ఎక్కించడం, విడిభాగాలు బిగించి నిలబెట్టడం అని అర్థాలు. యంత్రం బిగించడం మోంతాజే, బీరువా చెక్కలు జతచేయడం మోంతాజే, సినిమా ఎడిటింగూ మోంతాజే. ఎడిటర్‌ని 'మోంతర్' అంటారు. అంటే వాళ్లకి అది ఒక పని పేరు. ప్రతి సినిమాకీ మోంతాజ్ ఉంటుంది, అది గొప్పదైనా కాకపోయినా. మన పాత సినిమాల టైటిల్స్‌లో ఎడిటింగ్‌కి 'కూర్పు' అని వేసేవారు గుర్తుంది కదా, ఫ్రెంచి మాటకి అది గోరంత తేడా లేకుండా సరిపోతుంది.

ఆ మాట బయటి దేశాలకి వెళ్లాక రెండుగా చీలింది. 1920ల సోవియట్ దర్శకులు, ముఖ్యంగా కులెషోవ్, ఐజెన్‌స్టయిన్, దాన్నొక సిద్ధాంతం చేశారు. ఐజెన్‌స్టయిన్ లెక్కలో రెండు షాట్లు ఢీకొంటే ఆ రెంటిలోనూ లేని మూడో భావం పుడుతుంది. హాలీవుడ్ ఇదే మాటను కాలాన్ని కుదించే దృశ్యాల వరసకి పరిమితం చేసింది: రైలు చక్రాలు, ఎగిరే క్యాలెండర్ కాగితాలు, ఒక నిమిషంలో రెండేళ్లు గడిచిపోవడం. మన పరిశ్రమలో 'మాంటేజ్ సాంగ్' అంటారు చూడండి, పాత్రలు పెదవి కదపకుండా వెనక నుంచి పాట వినిపిస్తూ కథ ముందుకు జరిగిపోయే పాట, అది ఈ హాలీవుడ్ అర్థానికి పుట్టిన బిడ్డ.

కాబట్టి 'ఈ సినిమాలో మాంటేజ్ బలంగా ఉంది' అన్న వాక్యాన్ని మూడు రకాలుగా చదవొచ్చు. మొత్తం ఎడిటింగ్ గురించి అయితే 'కూర్పు' అని మార్చండి. ఐజెన్‌స్టయిన్ అర్థమైతే 'సోవియట్ మాంటేజ్' అని ఇంటిపేరుతో సహా రాయండి. ఒట్టి 'మాంటేజ్'ని కుదింపు దృశ్యాలకీ పాటలకీ వదిలేయండి, పాఠకుడి చెవిలో ఇప్పటికే ఆ అర్థం కూర్చుని ఉంది.

తెరచాప:
కూర్పరి గారు చెప్పిన దాన్నే ఆటర్‌కి కూడా వర్తింపజేయొచ్చు, కాకపోతే ఇక్కడ చిక్కు ఎక్కువ.

ఫ్రెంచిలో 'ఓతర్' అంటే కర్త. నవల రాసినవాడు ఓతర్, నేరం చేసినవాడూ ఆ నేరానికి ఓతరే. ఎవరు చేశారో వాళ్లు, అంతే. అందులో ప్రశంస లేదు. దాన్ని సినిమా దర్శకుడికి అంటగట్టడమే అసలు గొడవ. 1954 జనవరిలో కయే ద్యు సినేమా అనే ఫ్రెంచి సినిమా పత్రికలో యువ విమర్శకుడు ట్రూఫో రాసిన వ్యాసంతో అది రాజుకుంది. అప్పటికి అతనికి 21 ఏళ్లు. ఓరాన్ష్, బోస్త్ వంటి స్క్రిప్టు రచయితలే సినిమా అంతా అన్నట్టు సాగుతున్న 'నాణ్యతా సంప్రదాయం' మీద ఆ దాడి. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో జాక్ బెకర్ తీసిన అలీబాబా సినిమా మీద రాస్తూ 'పొలితీక్ దెజోతర్' అన్న మాటను శీర్షికలోనే పెట్టాడు. సినిమాలో లోపాలున్నాయని ఒప్పుకుంటూనే, బెకర్ సినిమా కాబట్టి సమర్థిస్తానన్నాడు.

ఇక్కడ 'పొలితీక్' అనే మాటను బాగా పట్టుకోవాలి. అది సిద్ధాంతం కాదు, ఒక విధానం, ఒక పక్షం వహించడం. ఫలానా దర్శకుడి వైపు మేం నిలబడతాం, అతని బలహీనమైన సినిమాతో సహా. 1962లో న్యూయార్క్ విమర్శకుడు ఆండ్రూ సారిస్ దీన్ని 'ఆటర్ థియరీ' అని ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఆ ఒక్క మార్పుతో పక్షపాతం కాస్తా కొలబద్ద అయింది. ఫలానావాడు ఆటరా కాదా అని తూచడం మొదలైంది. మనకి అందింది ఈ తూకమే. అందుకే మన వ్యాసాల్లో 'ఆయన నిజమైన ఆటర్' అని బిరుదులా వాడుతున్నారు.

కయే వ్యవస్థాపకుల్లో ఒకరైన బజాన్ 1957లోనే దీని మీద అభ్యంతరం చెప్పాడు. కర్త సరే, దేనికి కర్త అని అడిగాడు. దిద్దేవాళ్లు ప్రతిసారీ వేయాల్సిన ప్రశ్న అదే. వ్యాసకర్త 'ఆటర్' అన్నాక, సినిమా నుంచి సినిమాకి తిరిగి వచ్చే కథావస్తువు, దృశ్యం పట్టే తీరు, ముగింపు అలవాటు, వీటిలో ఒక్కటైనా చూపించకపోతే ఆ మాట కొట్టేసి 'దర్శకుడు' అని రాయండి. ఇంకో పొరపాటు ఏమిటంటే 'కథ, స్క్రీన్‌ప్లే, దర్శకత్వం' ఒకే పేరు మీద ఉంటే ఆటర్ అనేయడం. కయే వాళ్లు నెత్తిన పెట్టుకున్న హాలీవుడ్ దర్శకులు హిచ్‌కాక్, హాక్స్ స్టూడియోల్లో ఇతరులు రాసిన స్క్రిప్టులతో తీసినవాళ్లు. తనది కాని కథ మీద కూడా తన ముద్ర వేయగలగడమే వాళ్ల దృష్టిలో కర్తృత్వం.

అచ్చుతప్పు:
తెరచాప గారూ, చిన్న చేర్పు. ఇది విమర్శలో వాడే మాట మాత్రమే కాదు, చట్టంలో మాట కూడా. 1957 మార్చి 11 నాటి ఫ్రెంచి చట్టం సినిమాకి కర్తలుగా కథారచయిత, అనుసరణ చేసినవారు, సంభాషణల రచయిత, ఆ సినిమా కోసమే సంగీతం కట్టినవారు, దర్శకుడు, ఇలా ఐదుగురిని గుర్తించింది. మన కాపీరైటు చట్టంలో సినిమాకి కర్త నిర్మాత. హక్కుల గురించిన వ్యాసంలో 'ఆటర్' కనబడితే ఏ దేశపు చట్టమో అడగకుండా వదలొద్దు.

ఇక లిప్యంతరీకరణ. ఫ్రెంచి అనునాసికాలు రాయడానికి మనకి అరసున్న ఉంది, కానీ ఇవాళ్టి పాఠకుడు దాన్ని పలకడు, దాటేస్తాడు. 'జాఁర్' అని రాస్తే 'జార్' అని చదువుతాడు. పైగా ఆ మొదటి హల్లు మనకి లేదు, 'జ'కీ 'ష'కీ మధ్య ఉండే ధ్వని అది. అందుకని నా సూచన: వ్యాసంలో వాడుకలో పాతుకుపోయిన రూపమే ఉంచండి (జానర్, మాంటేజ్, బూర్జువా). పట్టికలో పక్కన ఇంకో గడి పెట్టి అరసున్నతో ఫ్రెంచి ఉచ్చారణ ఇవ్వండి. కొత్తగా తెస్తున్న మాటలకి మాత్రం చివరి మూగ హల్లులు రాయొద్దు. 'అవాంట్ గార్డ్'లోని ట్ ఫ్రెంచివాళ్ల నోట రాదు, 'అవాఁ గార్డ్' అంటారు.

జానర్ గురించి ఒక్క ముక్క. ఫ్రెంచిలో అది 'రకం' అనే సాదా మాట. వ్యాకరణంలో లింగమూ అదే, స్త్రీ పురుష భేదాల అధ్యయనంలో జెండర్‌కీ అదే. 'ఫిల్మ్ ద జాఁర్' అని వాళ్లంటే హారర్, థ్రిల్లర్ వంటి గిరిగీసుకున్న సినిమా, 'ఫిల్మ్ దోతర్'కి (కర్త ముద్ర ఉన్న సినిమాకి) ఎదురు జట్టు. సాహిత్యంలో మనకి 'ప్రక్రియ' చాలు. 'ఆ కోవకి చెందిన' అన్నా సరిపోయే చోట జానర్ దేనికి?

నల్లేరు:
మీజాన్‌సెన్ మిగిలింది. 'దృశ్య విన్యాసం' అని ఒకరు రాశారు, 'రంగాలంకరణ' అని మరొకరు.

కూర్పరి:
రంగాలంకరణ వద్దు, అది సెట్టు దగ్గరే ఆగిపోతుంది. 'మీజ్ ఆఁ సెన్' అంటే వేదిక మీద పెట్టడం. నాటకాల వాళ్ల మాట. నాటకాన్ని వేదికకి ఎక్కించే పని అంతా అందులోకి వస్తుంది. ఫ్రెంచిలో నాటక దర్శకుడూ సినిమా దర్శకుడూ ఇద్దరూ 'మెతర్ ఆఁ సెన్'లే. ఇంగ్లీషులోకి వచ్చాక రెండు మార్పులు జరిగాయి.

మొదటిది, విస్తీర్ణం తగ్గింది. అమెరికా సినిమా పాఠాల్లో మీజాన్‌సెన్ కింద నాలుగు లెక్కపెడతారు: దృశ్యస్థలం, దుస్తులు మేకప్, వెలుతురు, నటుల కదలిక. లెన్సు ఎంపిక, కెమెరా కదలిక సినిమాటోగ్రఫీ అని వేరే అధ్యాయంలో పెడతారు. 1950ల కయే వాళ్లకి ఈ గోడ లేదు. నటుడు తలుపు దాటుతుంటే కెమెరా అతనితో కదలడమా ఆగిపోవడమా అన్నది వాళ్లకి మీజాన్‌సెన్‌లోని ప్రాణం. రెండోది, 'మెతర్ ఆఁ సెన్' అన్న మాట ఇంగ్లీషు విమర్శలో ఆటర్ కన్నా ఒక మెట్టు కిందివాడికి స్థిరపడింది, అంటే పని వచ్చినవాడే కానీ తనదంటూ చూపు లేనివాడు. ఫ్రెంచి సినిమా టైటిల్స్‌లో ఆ మాట చూసి 'చిన్నచూపు' అని అర్థం చెప్పుకుంటే పొరపాటు.

'విన్యాసం' మూలంలో చక్కటి మాట. ఒక క్రమంలో ఉంచడం అని. చిక్కల్లా ఇవాళ విన్యాసాలు అంటే సర్కసో వైమానిక ప్రదర్శనో గుర్తొస్తుంది. 'దృశ్య విన్యాసం' అని జంటగా రాస్తే ఆ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. మొదటి ప్రస్తావనలోనే కెమెరాని కలుపుకుంటున్నారో లేదో వ్యాసకర్త చేత ఒక వాక్యం రాయించండి. అది లేకపోతే ఒకే వ్యాసంలో మూడో పేరాలో కెమెరా లోపల, ఏడో పేరాలో బయట ఉంటుంది. ఇది చాలా తరచుగా జరిగే తప్పు.

పడమటిగాలి:
వెరితే సంగతి ఎవరూ ఎత్తలేదు. దీని అర్థం దాదాపు తలకిందులైంది.

'వెరితే' అంటే నిజం. 'సినేమా వెరితే' అన్న పేరుని జాఁ రూష్, ఎద్గార్ మొరాన్ 'క్రోనిక్ ద్యునేతే' (ఒక వేసవి కథనం) అనే తమ డాక్యుమెంటరీలోని పద్ధతికి పెట్టుకున్నారు. 1960 వేసవిలో పారిస్‌లో తీశారు, 1961లో విడుదలైంది. ఆ పేరు వాళ్ల సొంతం కాదు, 1922లో సోవియట్ దర్శకుడు జిగా వెర్తోవ్ మొదలుపెట్టిన వార్తాచిత్రాల పేరు 'కినో ప్రావ్దా'కి అనువాదం. అందులో పద్ధతి చూడండి. మైకు పట్టుకుని వీధిలో వెళ్లేవాళ్లని ఆపి 'మీరు సంతోషంగా ఉన్నారా' అని అడుగుతారు. తీసిన దాన్ని అందులో కనిపించిన వాళ్లకే చూపించి వాళ్ల వాదనలను మళ్లీ సినిమాలో పెడతారు. అంటే కెమెరా జోక్యం చేసుకుంటుంది, రెచ్చగొడుతుంది, అలా రెచ్చగొడితేనే బయటపడే నిజం అది.

అదే కాలంలో అమెరికాలో రాబర్ట్ డ్రూ, లీకాక్ బృందం చేసినది డైరెక్ట్ సినిమా. కెమెరా గోడ మీద ఈగలా ఉండాలి, ప్రశ్న అడగకూడదు. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు. తేలికపాటి 16 ఎం.ఎం. కెమెరా, చేత్తో మోసుకుపోయే టేప్ రికార్డరు ఇద్దరి దగ్గరా ఉండటంతో బయటి రూపం ఒకేలా కనిపించింది. ఆ రూపాన్ని చూసి ఇంగ్లీషులో రెంటినీ 'వెరితే' అనేశారు. ఇప్పుడు మన సమీక్షల్లో 'వెరితే శైలి' అంటే ఊగే కెమెరా అని మిగిలింది. కల్పిత కథకి ఊగే కెమెరా వాడితే 'చేతి కెమెరా' అనండి. వెరితే అనాలంటే కెమెరా ఆ మనుషులతో తలపడిందా లేదా అని చూడండి.

నల్లేరు:
ఇది పట్టికలో ఉన్నది ఉన్నట్టు పెడతాం. నిబద్ధతకి వద్దాం. ఫ్రెంచి తత్వవేత్త సార్త్ర్ పేరు చెప్పి తెలుగు కవుల నిబద్ధతని కొలిచే వ్యాసాలు చాలా వస్తున్నాయి.

రచ్చబండ:
అక్కడే జాగ్రత్త పడాలండి. సార్త్ర్ మాట 'అంగాజ్‌మాఁ'. దాని లోపల ఉన్నది 'గాజ్', అంటే తాకట్టు. వస్తువు కుదువ పెట్టడం, సైన్యంలో చేరడం, పనివాణ్ణి కుదుర్చుకోవడం, మాట కలపడం, అన్నిటికీ ఒకటే క్రియ. తనని తాను తాకట్టు పెట్టుకోవడమన్న భావం ఫ్రెంచి చెవికి వినబడుతుంది. మన 'నిబద్ధత'లో ఉన్నది బంధం, కట్టుబడటం. 'నిమగ్నత'లో ఉన్నది మునక. మూడూ ఒకటి కావు. తాకట్టులో నష్టపోయే అవకాశం ఉంది, విడిపించుకునే అవకాశమూ ఉంది. కట్టుబడటంలో ఈ రెండూ వినిపించవు.

ఇంకో తేడా ఇంతకన్నా ముఖ్యం. మనం నిబద్ధత అంటే రచయిత ఒక పక్షాన్ని ఎంచుకోవడం అనుకుంటాం. సార్త్ర్ 17వ శతాబ్దపు ఫ్రెంచి తత్వవేత్త పాస్కల్ దగ్గర 'అంబార్కే' అన్న మాట తీసుకున్నాడు. నువ్వు ఇప్పటికే పడవ ఎక్కేశావు, ఎక్కనా వద్దా అన్న ప్రశ్న లేదు అని. ఊరుకోవడం కూడా ఒక చర్యే. 1945లో తన పత్రిక మొదటి సంచికలోనే, పారిస్ కమ్యూన్ (1871 నాటి పారిస్ తిరుగుబాటు) తర్వాతి అణచివేతకి ఆనాటి రచయితలు ఫ్లోబేర్‌నీ గోంకూర్‌నీ బాధ్యులుగా చూస్తానన్నాడు. దాన్ని ఆపడానికి వాళ్లు ఒక్క వాక్యం కూడా రాయలేదు కాబట్టి.

అసలు చిక్కు ఇది: 1947లో సాహిత్యమంటే ఏమిటో చెబుతూ రాసిన వ్యాసాల్లో ఆయన అంగాజ్‌మాఁని వచన రచయిత నుంచే అడిగాడు. కవికి మాట పనిముట్టు కాదు, వస్తువు. కాబట్టి కవి నుంచి అది అడగడానికి లేదన్నాడు. మన దగ్గర 1943 తెనాలి మహాసభతో మొదలైన అభ్యుదయ రచయితల సంఘమైనా, 1970 నాటి విరసం అయినా, నిబద్ధత భారాన్ని ఎక్కువగా మోసింది కవిత్వం. ఆ కవిత్వాన్ని సార్త్ర్ పేరుతో కొలిస్తే, ఆయన వద్దన్న చోట ఆయన్ని సాక్షిగా పిలిచినట్టు.

ఇసుకతక్కెడ:
రచ్చబండ గారు చెప్పింది నిజమే గాని సగమే. మరుసటి ఏడాదే, 1948ల, సెనెగల్ కవి సేంఘోర్ కూర్చిన నల్లజాతి కవుల సంకలనానికి సార్త్ర్ 'నల్ల ఆర్ఫియస్' అని పెద్ద ముందుమాట రాసిండు. ఫ్రెంచిల రాస్తున్న నల్లవాళ్ల కవిత్వమే ఈ కాలపు ఒకేఒక్క గొప్ప విప్లవ కవిత్వం అన్నడు. కవిని పక్కన పెట్టిన మనిషే అట్లన్నడంటే ఏదో మారింది గద. మన కవిత్వం గురించి రాసేవాళ్లు ఎత్తి చూపవలసింది ఆ ముందుమాటనే.

దాంతోపాటే 'నెగ్రిత్యూద్' అనే మాట మీ పట్టికల చేర్చండి. మార్టినిక్ కవి ఎమే సెజేర్ 1930ల పారిస్‌ల పుట్టించిన మాట అది, 1939 నాటి ఆయన దీర్ఘకవితతో నిలబడ్డది. తెలుగుల 'నల్లదనం' అని రాస్తున్నరు. అది సరిపోదు. నల్ల రంగుకు ఫ్రెంచిల 'న్వార్' ఉన్నది. సెజేర్ దాన్ని తీసుకోలే. 'నెగ్ర్' అనే తిట్టును తీసుకున్నడు. తిట్టిన మాటనే తలెత్తుకొని మోయడం అండ్ల కీలకం. 1994ల దండోరా ఉద్యమం మొదలైనంక పేరు చివర మాదిగ అని పెట్టుకున్నోళ్ల తెగువ తెలిసిన తెలుగు పాఠకుడికి ఇది ఒక్క వాక్యంతో అర్థమైతది. 'నల్లదనం' అంటే ఆ తెగువ ఎగిరిపోతది. మాటను అట్లనే ఉంచి, తిట్టు నుంచి పుట్టిందని ఒక్క వివరణ ఇయ్యండి.

రచ్చబండ:
ముందుమాట సంగతి ఒప్పుకుంటున్నాను. అయితే రెండిటినీ పక్కపక్కనే ఉంచాలి. 1947లో కవిని మినహాయించాడు, 1948లో నల్ల కవుల దగ్గర ఆ మినహాయింపు నిలవలేదు. వాళ్లు అణచినవాడి భాషలోనే రాయాల్సి వచ్చింది, ఆ భాషని విరగ్గొట్టడమే వాళ్ల పోరాటం అయింది అన్నది ఆయన కారణం. మాతృభాషలో రాసే తెలుగు కవికి ఆ కారణం యథాతథంగా వర్తించదు. భాషలోపలి మెట్లతో పోరాడిన దళిత కవికి చాలావరకు వర్తిస్తుంది.

ఇసుకతక్కెడ:
అవును, ఆ మెట్ల మాట ఖాయం.

బూర్జువా గురించి కూడ చెప్త. 'బూర్గ్' అంటే గోడ కట్టిన చిన్న పట్నం, అండ్ల హక్కులున్న నివాసి బూర్జువా. తర్వాత ఆ మాటను మూడు దిక్కుల నుంచి తిట్టిన్రు. పైనుంచి దొరలు: 1670ల మొల్యేర్ నాటకంల దొరతనం కొనుక్కోవాలని చూసే వర్తకుణ్ణి చూసి నవ్విన్రు. పక్క నుంచి 19వ శతాబ్దపు కళాకారులు: డబ్బున్నది, అభిరుచి లేదని. కింది నుంచి మార్క్స్: పెట్టుబడికి యజమాని అని. మనకు వచ్చింది మూడోది, కమ్యూనిస్టు సాహిత్యం మోసుకొచ్చింది. అందుకే ఫ్లోబేర్ మీద రాసిన వ్యాసంల 'బూర్జువా' అని కనపడితే తెలుగు పాఠకుడు ఫ్యాక్టరీ ఓనరును ఊహిస్తడు. ఫ్లోబేర్ ఉద్దేశం అది కాదు, ఆయనకు అది ఆలోచన తీరు. అసుంటి చోట 'బూర్జువా అభిరుచి' అనో 'బూర్జువా బుద్ధి' అనో రాయాలె.

'పెటీ బూర్జువా'ను మధ్యతరగతి అని తర్జుమా చేసుడు ఇంకో తప్పు. మార్క్స్ లెక్కల పెటీ బూర్జువాకు చిన్నదో చితకదో సొంత దుకాణం, సొంత మగ్గం, సొంత కొలిమి ఉంటది. నెల జీతం మీద బతికే గుమాస్తా ఆ లెక్కకు రాడు. ఫ్రెంచి విమర్శకుడు బార్త్ 1957 నాటి వ్యాసాలు అనువదించేటప్పుడు మాత్రం జర ఆగాలె. ఆయన ఎక్కువగా మాట్లాడేది ఆస్తి గురించి కాదు, తనకు భిన్నమైనదాన్ని ఊహించలేని మనసు గురించి.

అచ్చుతప్పు:
బ్రికొలాజ్ త్వరగా ముగిద్దాం. ఫ్రాన్స్‌లో అది దుకాణంలో ఒక విభాగం పేరు: సుత్తి, మేకులు, ఇంట్లో మరమ్మతు సామాన్లు. 1962లో మానవశాస్త్రవేత్త లెవీ స్ట్రాస్ దాన్ని ఆలోచనకి వర్తింపజేశాడు. ఇంజనీరు పనికి తగ్గ సామాను తెప్పించుకుంటాడు, బ్రికొలర్ చేతిలో ఉన్న సామానుకి తగ్గ పని చేస్తాడు. ఆ సామాను పరిమితం, ప్రతి ముక్కకీ పాత వాడకం తాలూకు గుర్తులు ఉంటాయి, అవి కొత్త పనిని అడ్డుకుంటాయి కూడా. మన వ్యాసాల్లో రెండు రాగాలు కలిపినా, రెండు వంటలు కలిపినా బ్రికొలాజ్ అంటున్నారు. ఏరుకోవడానికి అన్నీ అందుబాటులో ఉన్నవాడు చేసేది బ్రికొలాజ్ కాదు, అది కలగలుపు. 'అతుకుల బొంత' కొంత దగ్గర, పాత చీరల గుర్తులు బొంతలో కనిపిస్తాయి కాబట్టి.

క్లిషే కూడా చేర్చండి, దానికి తెలుగు మాట చాలా బాగుంది. క్లిషే అచ్చు యంత్రాల నుంచి వచ్చింది. కూర్చిన పుటని లోహపు పలకగా పోత పోస్తే అదే పుటని ఎన్నిసార్లయినా అచ్చు వేయొచ్చు. మనం 'పడికట్టు పదం' అంటాం, పడికట్టు అంటే తక్కెడలో వేసే తూకపు రాయి. అక్కడ పోత, ఇక్కడ తూకం. 'క్లిషే' అని రాసిన ప్రతి చోటా 'పడికట్టు' పెట్టొచ్చు, ఒక్కటి తప్ప: ఫ్రెంచిలో ఫొటో నెగెటివ్‌ని కూడా క్లిషే అంటారు. పాత ఫొటోగ్రఫీ మీద ఫ్రెంచి నుంచి నేరుగా అనువదిస్తున్నప్పుడు ఇది కాలికి తగులుతుంది.

నల్లేరు:
ముసాయిదాలో మొదటి పేరు ఇలా ఉంది, చూడండి: 'ఆటర్ (ఫ్రెంచి ఉచ్చారణ ఓతర్): కర్త. దర్శకుణ్ణి సినిమాకి కర్తగా భావించే విమర్శ విధానంలో మాట. బిరుదుగా వాడరాదు. వాడినచోట తిరిగి తిరిగి వచ్చే లక్షణం ఒకటైనా చూపాలి. హక్కుల చర్చలో దేశం పేర్కొనాలి.'

తెరచాప:
'విధానంలో మాట' దగ్గర 1955 వేయండి, 1962 నాటి 'థియరీ'ని రెండో అర్థంగా విడగొట్టండి. అప్పుడు వ్యాసకర్త ఏ అంకె వైపు ఉన్నాడో దిద్దేవాళ్లు అడగగలుగుతారు. ఇంకొకటి, మన ఇళ్లలో 'కర్త' అనగానే కర్మకాండ చేసే మనిషి గుర్తొస్తాడు కాబట్టి ఒంటిగా వద్దు, 'చిత్రకర్త' అనీ వద్దు, అది బొమ్మలు గీసేవాడి వైపు లాగుతుంది. 'సినిమా కర్త' అని రెండు మాటలుగా ఉంచండి.